గంప కమ్మిన తగువు

పోయిన ఆదివారం రేపల్లెలో రాహేలత్త ఇంటి వరండాలో చెప్పులు విడుస్తుంటేనే ఆ వాసన వచ్చింది. మెంతులూ పాత కాగితాలూ నానబెట్టి, రుబ్బి, వెదురు గంపకి అలికి ఎండబెడితే వచ్చే వాసన. కొంచెం చేదు, కొంచెం వానకు తడిసిన గోడ, కొంచెం బడి పుస్తకాల సంచీ. లోపల అత్త మంచం కింద ఒక గంప బోర్లించి ఉంది. పాతికేళ్ళకు పైబడి అది అక్కడే, అలాగే ఉంది. ఏటా ఎండలు ముదరగానే దాన్ని అంగుళం కదపకుండా పైపైనే మెంతిగుజ్జు అలికిస్తుంది అత్త. ఎవరినీ ఎత్తనివ్వదు.

రాహేలత్త నాకు రక్తసంబంధం కాదు. తెనాలిలో మా పక్కింటావిడ. ఇప్పుడు ఎనభై దాటింది, చూపు సగం పోయింది, చెవులు మాత్రం పాము చెవులు. ఆమె మనవరాలు నిస్సీ నాకు కాఫీ ఇస్తూ, నా ఎడమ కనుబొమ మీద అడ్డంగా ఉన్న మచ్చ చూసి, "ఇదేంటి మావయ్యా, ఎప్పుడూ అడగలేదు" అంది. అడగటమే చాలు నాకు. కాఫీ కింద పెట్టి మొదలెట్టాను. "మీ నాన్నా నేనూ పదమూడేళ్ళ వాళ్ళం. తెనాలిలో మా వీధిలో అటు ఇరవై మంది, ఇటు ఇరవై మంది కర్రలతో, ఇటికరాళ్ళతో తలపడ్డారు. తలలు పగిలాయి. కాలవ నీళ్ళు ఎర్రబడ్డాయి. పెద్దవాళ్ళెవరూ అడ్డం వెళ్ళలేక గోడ చాటున నిలబడిపోతే, నేను ఒక గంపని డాలులాగా పట్టుకొని మధ్యలోకి దూకాను. ఆ దెబ్బే ఇది." నిస్సీ కళ్ళు పెద్దవి చేసింది. మంచం మీద అత్త కళ్ళు మూసుకునే ఉంది. పెదవులు ఒకసారి కదిలాయి. ఏమీ అనలేదు.

ఆ ఏమీ అనకపోవడమే నన్ను రైల్లో తెనాలి దాకా పొడిచింది. మనుషుల ముందు కోసినంత తేలిగ్గా కాగితం ముందు కోతలు కోయలేం. అందుకని ఒప్పుకుంటున్నాను. నలభై మంది కాదు, ఇద్దరు. ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరు మా అమ్మ కరుణమ్మ, రెండో ఆవిడ రాహేలత్త. కర్రలు లేవు, ఒక రోకలి ఉంది. కాలవ ఎర్రబడలేదు, బియ్యప్పిండి ఎర్రబడింది. గంప మాత్రం నిజం.

ఎనభైల మొదట్లో తెనాలి కాలవ పక్కన మాదొక పెంకుటిల్లు, అత్త వాళ్ళదొక పెంకుటిల్లు. మధ్యలో మట్టిగోడ ఏదో తుపానుకి బారెడు మేర కూలి, అక్కడ మాత్రం నడుమెత్తున మిగిలింది. మా నాన్న బాపట్లలో గుమాస్తా, పొద్దున రైలెక్కి సాయంత్రం రైలు దిగేవాడు. వారానికోసారి తాటాకు బుట్టలో సముద్రపు పీతలు తెచ్చేవాడు, అవి బుట్టలోనే ఒకదాని కాలు ఒకటి కొరుక్కుంటూ వచ్చేవి. అత్త భర్త, మా మామయ్య, కాలవ తలుపులు ఎత్తి దించే లస్కరు. ఆ కూలిన గోడ పూడ్చాలని మగవాళ్ళిద్దరూ ఏటా అనుకునేవాళ్ళు, ఆడవాళ్ళు పూడ్చనిచ్చేవాళ్ళు కాదు. ఆ సందులోంచే పొయ్యిలోకి నిప్పు, పాలలోకి తోడు, కరివేపాకు రెబ్బ, పీతల పులుసు గిన్నె, ఏడుస్తున్న చంటిపిల్లలు అటూ ఇటూ చేతులు మారేవి. తిట్లు కూడా ఆ సందులోంచే.

తగువు రోజూ ఉండేది, పాలవాడు రోజూ వచ్చినట్టు. నాన్న రైలుకి వెళ్ళాక, మామయ్య సైకిలు కాలవ గట్టు మలుపు తిరిగాక, అమ్మ ముంతలో చద్దన్నం పెరుగేసి పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ, మాగాయ ముక్క నంజుకుంటూ, మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువ తినేది. కొంగు బిగించేది. గోడ దగ్గరికి వెళ్ళేది. అవతల అత్త కూడా అప్పటికే మూతి తుడుచుకొని సిద్ధంగా ఉండేది. మా చెట్టు ఆకులు వాళ్ళ దొడ్లో రాలాయనో, వాళ్ళ అంట్ల నీళ్ళు మా వైపు పారాయనో, మొన్న గుళ్ళో కీర్తనలో అమ్మ గొంతు అత్త గొంతుని తొక్కేసిందనో మొదలయ్యేది. మేం లూథరన్లం కాబట్టి తిట్లు కూడా బైబిల్లోంచి వచ్చేవి. "ఫరోకి పట్టిన పది తెగుళ్ళూ ఒక్క పూటలో నీకు పట్ట!" అని అమ్మ. "యెరికో గోడ కూలినట్టు నీ కొంప కూల!" అని అత్త. ఎంత కూలినా ఒకరినొకరు 'వదినా' అనకుండా మాత్రం తిట్టుకునేవాళ్ళు కాదు. గంట గడిచేసరికి ఇద్దరికీ రవికెలు చెమటతో వీపుకి అతుక్కుపోయేవి, గొంతులు బొంగురుపోయేవి, నేనొక చెంబుతో, అత్త కొడుకు దావీదొక చెంబుతో నీళ్ళు అందించేవాళ్ళం. "తిన్నదంతా తిట్లకే ఖర్చు పెడుద్ది మీ అమ్మ" అనేవాడు నాన్న. కానీ ఆ గంట తర్వాత అమ్మ పని చెయ్యడం చూడాలి. రుబ్బురోలు పొత్రం బొంగరంలా తిరిగేది. ఖర్చయిన సత్తువ ఎక్కడినుంచో రెట్టింపై తిరిగి వచ్చేది.

దావీదు నా ఈడువాడు, నిస్సీ వాళ్ళ నాన్న. వాడూ నేనూ పలకరించుకోవడమంటే వీపు మీద గుద్దుకోవడమే. అసలు ఆ రోజుల్లో మా వైపు ఏ చుట్టరికమూ చెయ్యి తగలకుండా సాగేది కాదు. మేస్టారు చింతబరికె విరిగేదాకా కొట్టి, ఆ సాయంత్రమే మా ఇంట్లో కూర్చొని జంతికలు తిని పోయేవాడు. రేపల్లె పాసింజరు తెనాలిలో ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు ఆపేవాళ్ళు, ఆ తువ్వాలు లాగేసినవాడి చొక్కా చిరిగేది, పళ్ళు కదిలేవి, రైలు వేమూరు చేరేసరికి చిరిగిన చొక్కావాడూ చించినవాడూ ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ పిల్లకి సంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి నాన్న మా ఇద్దర్నీ బాపట్ల తీసుకెళ్ళి సముద్రం చూపిస్తే, దావీదూ నేనూ అలల్లో ఒకడి తల ఒకడు నీళ్ళలో ముంచి ఊపిరాడకుండా పట్టుకున్నాం. నిజంగానే చంపాలనే పట్టుకున్నాం. తర్వాత ముక్కుల్లోంచి ఉప్పునీళ్ళు కారుతుండగా ఒకే మొక్కజొన్నపొత్తు చెరో వైపునుంచి కొరుక్కుంటూ ఇంటికొచ్చాం.

ఇక గంప సంగతి. అది అత్త వాళ్ళ కోడిగంప. కోళ్ళని కమ్మే గంపనే తగువు మీద కూడా కమ్మడం వాళ్ళిద్దరూ పెట్టుకున్న పద్ధతి. తగువు మంచి పట్టులో ఉండగా అన్నం పొంగిందనుకోండి, చంటిది ఏడ్చిందనుకోండి, ఎవరికి పని పడితే వాళ్ళు ఆ గంప తెచ్చి కూలిన గోడ మీద బోర్లించి, "ఇదుగో, కమ్మి పోతన్నా" అనేవాళ్ళు. అంతే. గంప బోర్లా ఉన్నంతసేపూ తగువు లేనట్టే. ఆ మధ్యలో పీటలేసుకొని ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేవాళ్ళు, ఒకరి పిల్లలకి ఒకరు అన్నం పెట్టేవాళ్ళు. పని తీరాక, కమ్మిన మనిషే వచ్చి గంప ఎత్తాలి. రెండో మనిషి ఎత్తకూడదు, పిల్లలు అసలు ముట్టుకోకూడదు. ఎత్తగానే ఆగిన మాట దగ్గరే మొదలు. "ఆఁ, మా పుట్టింటోళ్ళ గురించి ఏదో అంటన్నావు, అను." "తగువూ కోడీ ఒకటేరా అబ్బాయ్" అని అత్త నాకోసారి చెప్పింది. "కమ్మకుండా వదిలేస్తే ఊరి మీద పడుద్ది."

నెలకోసారి ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం వచ్చేది. పొరుగువాళ్ళతో మనసులో కక్ష పెట్టుకొని ఆ రొట్టె ముట్టకూడదని పాస్టరు అయ్యగారు గట్టిగా చెప్పేవారు. దానికీ మా వాళ్ళకి దారి దొరికింది. శనివారం సాయంత్రం గంప కమ్మేసేవాళ్ళు. ఆదివారం తెల్లచీరలు కట్టుకొని, పక్కపక్కనే మోకాళ్ళూని, ఒకే గిన్నెలోని ద్రాక్షరసం తాగి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. సోమవారం పొద్దున ఎత్తేవాళ్ళు. అయ్యగారికి ఈ సంగతి తెలుసు. ఆయన కూడా సోమవారం మా వీధి వైపు వచ్చేవారు కాదు.

ఆ ఏడాది క్రిస్మస్ నెల. కాలవ మీద మంచు, వీధంతా బెల్లప్పాకం వాసన, పొలాల్నుంచి కొత్త గడ్డి బళ్ళు. అమ్మ అరిసెలకి బియ్యం నానబోసి, దంచి, జల్లించి, తడిపిండి తెల్లటి గుడ్డ మీద పోసి పాకం చూడటానికి లోపలికి వెళ్ళింది. అత్త వాళ్ళకొక పుంజు ఉండేది, దాని చుట్టూ ఎప్పుడూ పది పెట్టలు తిరుగుతుంటాయని దానికి వందలమంది భార్యలున్న బైబిలు రాజు సొలొమోను పేరు పెట్టింది అత్త. పండక్కి కొయ్యాలని నెలరోజులుగా నూకలు పోసి మేపుతోంది. ఆ సొలొమోను కూలిన గోడ ఎక్కి, మా దొడ్లోకి దిగి, పిండిలో అటూ ఇటూ నడిచి, మధ్యలో రెట్ట వేసింది. అమ్మ బయటికొచ్చి చూసి, చేతికందిన కట్టెపేడు విసిరింది. కాలు విరిగిన చప్పుడు నాకిప్పటికీ గుర్తే. ఎండిన కంది పుల్ల విరిచినట్టు.

అప్పటి తగువు లాంటిది నేను మళ్ళీ వినలేదు. అత్త విరిగిన కాలు వేలాడుతున్న పుంజుని చంకలో పెట్టుకొని, పుంజు అరుపుని మించి అరిచింది. అమ్మ పిండి పిడికిళ్ళతో గోడని గుద్దింది. దావీదూ నేనూ ఎవరి అమ్మ గెలుస్తుందో అని అయిదు గోళీలు పందెం కాశాం. సరిగ్గా అమ్మది పైచెయ్యి అవుతోంది, అత్తకి మాట తడబడుతోంది, ఇంకొక్క తిట్టు పడితే గోళీలు నావి, అప్పుడు అత్త వాళ్ళింట్లోంచి మాడు వాసన వచ్చింది. అత్త గంప తెచ్చి గోడ మీద బోర్లించింది. "కమ్మి పోతన్నా వదినా. నా పుంజు కాలికి లెక్క చెప్పించుకోకుండా పోను, ఇక్కడే ఉండు" అని లోపలికి పరుగెత్తింది. అమ్మ కూడా గంజి వార్చడానికి లోపలికి వెళ్ళింది.

గంప ఎత్తాను.

ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఎత్తి, మా దొడ్లోకి దొర్లించి, అటు తిరిగి "అత్తా! అమ్మ గంప ఎత్తేసింది!" అని అరిచాను. ఇటు తిరిగి "అమ్మా! అత్త గంప ఎత్తేసింది!" అని అరిచాను. గోళీల కోసం. వాళ్ళు మళ్ళీ మొదలెట్టి ముగిస్తారనుకున్నాను. గంప కమ్మిన మాట అంటే వాళ్ళకేమిటో నాకు తెలియదు. నేను ఎత్తింది తగువుని కాదు, నమ్మకాన్ని అని పదమూడేళ్ళ బుర్రకి తట్టలేదు.

అమ్మ రెండు చేతులా గంజి కుండ పట్టుకునే బయటికి దూసుకొచ్చింది. "కమ్మినదానివి, నీళ్ళు తాగేలోపే ఎత్తుతావా, మాట లేనిదానా!" అంది. అవతల అత్త మా దొడ్లో పడున్న గంపని చూసి, "నేను కమ్మింది నువ్వు ఎత్తుతావా, నియమం లేనిదానా!" అని, ఆ నడుమెత్తు గోడని ఒక్క దూకు దూకింది. అన్నేళ్ళలో తగువులో ఒక్కసారి కూడా ఆ గోడ దాటని మనిషి. ఆ తర్వాత మాటలు లేవు. అమ్మ జుట్టు అత్త పిడికిట్లో ఉంది. కుండ పగిలింది. సలసలా కాగే గంజి అత్త ముంజేతి మీదా అమ్మ పాదాల మీదా పడి, తోలు తెల్లగా లేచింది. అయినా ఒకరినొకరు వదల్లేదు. అమ్మ రోకలి అందుకొని దాని మొనతో అత్త మూతి మీద గుద్దింది. పన్ను ఊడి పిండిలో పడింది, తెల్లపిండి మీద నెత్తురు చుక్కలు చుక్కలుగా మొదలై మడుగు కట్టింది. అత్త అమ్మ భుజం కొరికి, కరిచిన పళ్ళు వదలకుండా కింద పడేసి, మోకాలు పొట్ట మీద పెట్టింది. దావీదు నా చెవి కొరికాడు, నేను వాడి ముక్కు పగలగొట్టాను, ఎందుకో ఇద్దరికీ తెలియదు. అప్పుడే అత్త విసిరిన ఇటికముక్క నా కనుబొమ చీల్చింది. వీధిలో వాళ్ళు వచ్చి ఇద్దర్నీ విడదీసేసరికి అమ్మ పిడికిట్లో అత్త జుట్టూ, అత్త గోళ్ళలో అమ్మ చర్మమూ ఉన్నాయి.

మూడు రోజుల్లో మామయ్య ఇటికలు తెచ్చి గోడ పూడ్చేశాడు. గంప మా వైపే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

మాట్లాడుకోకపోవడం కూడా ఒక దెబ్బేనని, పైకి నెత్తురు రాదంతేనని నాకు ఆ చలికాలంలో తెలిసింది. పండక్కి పళ్ళేలు అటూ ఇటూ మారలేదు. సొలొమోనుని కొయ్యలేదు, కాలికి వెదురుబద్ద కట్టి అత్త బతికించుకుందని దావీదు చెప్పాడు. ప్రభు భోజనం ఆదివారం ఇద్దరూ కూర్చున్న చోటునుంచి లేవలేదు. అయ్యగారే ఇంటికొచ్చి, "కరుణమ్మగారూ, మీ మధ్య ఏముందో చెప్పండమ్మా" అంటే, "ఏమీ లేదండి" అంది అమ్మ. అటు వెళ్ళి అడిగితే అత్తదీ అదే జవాబు. నిజమే, ఏమీ లేదు. అదే ఇద్దర్నీ తింటోంది.

అమ్మ చద్దన్నం మానేసింది. మధ్యాహ్నం పిడికెడు తిని కంచం తోసేసేది. పాదాల మీద కాలిన మచ్చలు ఆరిపోయాయి కానీ మనిషి లేవడం లేదు. అంతకుముందు రోజూ గంటసేపు యుద్ధం చేసి, ఆ పైన ఇంటెడు చాకిరీ చేసిన మనిషి, ఏ యుద్ధమూ లేకుండా, పొద్దున పదిగంటలకే అలిసిపోయి గోడకి చేరగిలబడేది. కూరగాయలామె మీదికి తగువుకి వెళ్ళి చూసింది; ఆమె దండం పెట్టి గంప నెత్తికెత్తుకొని పోయింది. నాన్న మీద అరిచి చూసింది. ఆయన తలొంచుకొని పేపరు చదువుకున్నాడు. అమ్మకి దీటైన మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే, ఆమె ఇటికగోడ అవతల ఉంది. ఒక సాయంత్రం నాన్న చెప్పులు విడుస్తూ, "రైలు దిగి వీధి మొగలోకి రాగానే మీ అమ్మ గొంతు వినపడేదిరా. ఇప్పుడు ఇల్లు తప్పి వచ్చానేమోననిపిస్తంది" అన్నాడు. అమ్మ రవిక చేతులు మోచేతుల దగ్గర వదులై వేలాడటం నేను చూశాను. నేనొక్క మాట చెబితే చాలు. అదీ చూశాను.

చెప్పాలని ఎన్నిసార్లో వెళ్ళాను. కొడుతుందని భయం కాదు, దెబ్బలకి ఎవడు భయపడ్డాడు! చెప్పాక ఆమె కొట్టకపోతేనో, ఊరికే చూస్తేనో అని భయం. మార్చిలో దావీదు నన్ను కాలవ గట్టు మీద గుద్దుతూ గుద్దుతూ ఆగి, "మా నాన్నకి రేపల్లె వేశారు. ఎండాకాలం సెలవులకి మేం పోతన్నాం" అన్నాడు. అంటే ఇంకో నెల. ఆ తర్వాత ఆ మాట చెప్పినా, వినడానికి గోడ అవతల ఎవరూ ఉండరు.

వాళ్ళు వెళ్ళే రోజు ఎండ నిప్పులు. ప్లాట్‌ఫారం మీద మామిడికాయల బస్తాలు, మల్లెపూల బుట్టలు, తోపులాటలు, తువ్వాళ్ళ యుద్ధాలు. అత్త కిటికీ పక్కన కూర్చుంది, కాళ్ళ దగ్గర బుట్టలో కుంటి సొలొమోను. అప్పుడు నేను గంప నెత్తిన పెట్టుకొని పరుగున వచ్చి, కదులుతున్న ఇంజనుకి అడ్డం నిలబడి... సరే, అడ్డం నిలబడలేదు, రైలు ఇంకా కదల్లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, జనమంతా వినేటట్టు, "గంప ఎత్తింది అమ్మ కాదు, నువ్వు కాదు, నేనత్తా!" అని అరిచాను. నా వెనకాలే అమ్మ వచ్చింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, నాలుగు నెలల తర్వాత. తర్వాత ఇద్దరూ నా మీద పడ్డారు. అమ్మ వీపు మీద, అత్త కిటికీలోంచి నెత్తి మీద, ఎడాపెడా కొట్టారు. ఆ దెబ్బల్లో ఒకరి చెయ్యి ఒకరికి తగిలింది. తగిలిన చెయ్యి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అమ్మ రైలు పెట్టెలోకి ఎక్కి, గంప అత్త ట్రంకుపెట్టె మీద బోర్లించి, "ఇదుగో, నేను కమ్ముతున్నా వదినా. రెండో శనివారం వచ్చి నేనే ఎత్తుతా. నీ మూతి సిద్ధంగా పెట్టుకో" అంది. రైలు కదిలింది, అమ్మ దిగడం మర్చిపోయి వేమూరు దాకా తిట్టుకుంటూ వెళ్ళి, అక్కడ దిగి బస్సులో ఇంటికొచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. సైగలు చేసి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

అప్పటినుంచీ నెలకోసారి అమ్మ రేపల్లె వెళ్ళేది. పొద్దున్నే చద్దన్నం రెండు ముద్దలు ఎక్కువ తిని, సంచీలో అరిసెలో మాగాయ జాడీయో పెట్టుకొని, పాసింజర్లో సీటు కోసం ఎవడినో మోచేత్తో పొడిచి, వెళ్ళి, గంప ఎత్తి, పగలంతా పోట్లాడి, సాయంత్రం కమ్మి వచ్చేది. నా పెళ్ళయింది, నాన్న పోయాడు, సొలొమోను పోయి దాని మునిమనవలు వచ్చాయి, అమ్మకి ఆయాసం వచ్చింది. ప్రయాణం మాత్రం ఆగలేదు. తొంభైల చివర్లో ఒక వానాకాలం వెళ్ళి, కమ్మి వచ్చింది. మరుసటి రెండో శనివారానికి లేదు.

సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే, రాహేలత్త మట్టిగడ్డ ఎత్తి బలంగా విసిరింది. పెట్టె మీద ఢామ్మని మోగింది. "మాట తప్పావు వదినా" అంది. ఏడవలేదు.

ఇప్పుడు మా రెండిళ్ళ చోటా ఒకటే అపార్టుమెంటు. అందులోనే మూడో అంతస్తులో నేనుంటాను. ఎదురింటాయన పేరు నాకు తెలియదు. లిఫ్టులో కలిస్తే ఇద్దరం అంకెలు చూస్తాం. గోడ పూర్తిగా ఉంది, ఎక్కడా బీటలు లేవు. ఎవరి అన్నం మాడినా వాసన ఇంకొకరికి రాదు. నెలల తరబడి నేనెవర్నీ తిట్టలేదు, నన్నెవరూ కొట్టలేదు. ఒంట్లో సత్తువ పేరుకుపోయి షుగరయిందని డాక్టరు రోజూ గంటసేపు నడవమన్నాడు. కాలవ గట్టున ఒక్కణ్ణే నడుస్తున్నాను.

ఇంతవరకూ రాసి, ఈ కాగితాలు నిన్న రేపల్లె తీసుకెళ్ళాను. నిస్సీ మంచం పక్కన కూర్చొని పైకి చదివింది. ఇటికముక్క దగ్గర అత్త కళ్ళు తెరిచింది.

"ఏ ఇటిక?"

"నువ్వు విసిరిన ఇటికత్తా" అన్నాను.

"నా రెండు చేతులూ మీ అమ్మ మీదే ఉంటే నీకు ఇటిక ఎక్కడ విసిరాను? గంప నెత్తిన బోర్లించుకొని పారిపోతా మీ ద్వారబంధానికి నువ్వే గుద్దుకున్నావు. కానీ, కానియ్యి. చదవ్వే నిస్సీ."

నిస్సీ నవ్వాపుకుంటూ చివరిదాకా చదివింది. అత్త తల నా వైపు తిప్పింది.

"అబ్బాయ్. నువ్వా రోజు స్టేషనుకి రాలేదు."

నేను నిస్సీ చేతిలోని కాగితాల వైపు చూశాను.

"కడుపునొప్పని దుప్పటి కప్పుకొని పడుకున్నావు. దావీదుగాడు నీకోసం రైలు కదిలిందాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది మీ అమ్మ. వచ్చి, 'గంప నేనే ఎత్తాను వదినా, తప్పు నాది' అంది."

"అమ్మ అలా అందా?"

"అంది. అబద్ధమని నాకు తెలుసు. గంజి కుండ పట్టుకున్న మనిషికి మూడో చెయ్యి ఎక్కడిది? ఆ సాయంత్రమే తట్టింది నాకు. పౌరుషం అడ్డమొచ్చి నోరు మూసుకున్నా. ఆమెకీ తెలుసు ఎత్తిందెవరో. పిల్లోడి మీద పడకూడదని తన మీద వేసుకుంది. నేనెందుకు కాదంటా? 'అవును, నువ్వే ఎత్తావు, నీ చేతులు పడిపోను' అని చెంప మీద కొట్టా. ఆమె నన్ను కొట్టింది. వేమూరు దాకా కొట్టుకున్నాం. హాయిగా ఉండింది."

"చెప్దామనే అనుకున్నానత్తా."

"అనుకున్నావు. నలభై ఏళ్ళు పైబడింది, ఇంకా అనుకుంటన్నావు."

మంచం కింద మెంతి వాసన. నేను నేల మీద కూర్చొని ఆ గంప వైపు చూశాను. కమ్మినవాళ్ళే ఎత్తాలి, కమ్మిన మనిషి లేదు, ఆమె కొడుకుని నేనున్నాను, ఆమె తరఫున నేను ఎత్తొచ్చేమో అనిపించింది. మెల్లిగా చెయ్యి పెట్టాను. చూపు సరిగా ఆనని మనిషి, ఎలా కనిపెట్టిందో, నా వేళ్ళ మీద చేతికర్రతో ఒక్కటేసింది.

"చెయ్యి తియ్యి" అంది. "ఒకసారి ఎత్తావు, చాలు."